మామూలు వస్తువుకు అంగట్లో వయసు అడిగితే ఏం చేయాలి

అనంతపురంలో జేఎన్‌టీయూ, పాలిటెక్నిక్, శ్రీకృష్ణదేవరాయ విశ్వవిద్యాలయం ఉండడం వల్ల పదహారేళ్ళ వాళ్ళ నుంచి ఇరవై రెండేళ్ళ వాళ్ళ వరకు విద్యార్థులు ఊరి నిండా గదులు తీసుకొని ఉంటారు. వాళ్ళలో ఎవరికి పద్దెనిమిది నిండాయో, ఎవరికి నిండలేదో మొహం చూసి చెప్పడం ఎంత అనుభవమున్న వ్యాపారికైనా కష్టమే. అందువల్ల సిగరెట్టుకు అడగవలసిన ప్రశ్నను కొందరు వ్యాపారులు కూరగాయల కత్తికీ, జలుబు మాత్రకూ, ఫ్రిజ్‌లోని కూల్‌డ్రింకు డబ్బాకూ కూడా అడుగుతున్నారు, ఆధార్ లేదంటే బిల్లు దగ్గర పెట్టిన వస్తువును పక్కకు తీసేస్తున్నారు. కర్నూలులోనూ కడపలోనూ కళాశాలల దగ్గరి అంగళ్ళకు వెళ్ళేవారికి ఇది కొత్త అనుభవం కాదు. ఏ వస్తువుకు వయసు చూపక తప్పదు, దేనికి అక్కరలేదు, చూపవలసి వస్తే ఎంతవరకు చూపాలి, అయినా ఇవ్వనంటే ఏం చేయాలి అన్నవి తెలిసి ఉంటే అంగడి ముందు గొడవ చాలావరకు తప్పుతుంది.

మొదట అడగవలసిన మాట

వయసు అడగగానే చాలామంది తమను అవమానించారనుకుంటారు, ముఖ్యంగా పెళ్ళయి పిల్లలున్నా చిన్నగా కనిపించే ఆడవాళ్ళు. అవతలి మనిషి చాలాసార్లు నెల జీతానికి పనిచేసే కుర్రవాడు; ఏదైనా తేడా వస్తే యజమాని తనమీదే పడతాడని అతనికి భయం. అందుకని గొంతు పెంచకుండా, "అన్నా, ఇది గవర్నమెంటు రూలా, మీ అంగడి పద్ధతా?" అని అడగండి. ఈ ఒక్క ప్రశ్నకు వచ్చే జవాబును బట్టి తరువాత ఏం చేయాలో తేలుతుంది.

జవాబులు మూడు రకాలుగా వస్తాయి. కొన్ని వస్తువులకు చట్టమే వయసు పెట్టింది, అక్కడ వాదించి లాభం లేదు. కొన్నింటికి చట్టం అడిగేది వయసు కాదు, డాక్టరు చీటీయో, రిజిస్టరులో సంతకమో. మిగిలిన వస్తువులన్నింటికీ అడిగేది వ్యాపారి భయం మాత్రమే. ఈ మూడింటినీ కలిపేయడం వల్లనే చిక్కులు పుడుతున్నాయి, అందులో వ్యాపారుల తప్పు ఎంత ఉందో కొనేవారి తప్పూ అంతే ఉంది.

చట్టమే వయసు పెట్టిన వస్తువులు

ఈ జాబితా చాలామంది అనుకునేదానికన్నా చిన్నది. మొదటిది పొగాకు. 2003 నాటి పొగాకు ఉత్పత్తుల చట్టం ప్రకారం 18 ఏళ్ళు నిండనివారికి సిగరెట్టు, బీడీ, నమిలే పొగాకు ఏదీ అమ్మకూడదు, విద్యాసంస్థకు 100 గజాల లోపల ఎవరికీ అమ్మకూడదు. అమ్మే చోట ఆ సంగతి చెప్పే బోర్డు పెట్టాలి. కొనేవాడు మైనరు కాదని నిరూపించవలసిన బాధ్యత అమ్మేవాడిదేననీ, అనుమానం వస్తే వయసుకు రుజువు అడగవచ్చనీ ఆ చట్టం కింద చేసిన నిబంధనల్లో స్పష్టంగా ఉంది. కాబట్టి పాన్ బంకు దగ్గర ఇరవై ఏళ్ళ యువకుణ్ణి కార్డు అడిగితే అది అతి కాదు, ఆ బంకువాడి విధి. పైగా పొగాకు చట్టం కింద జరిమానా 200 రూపాయల వరకే అయినా, 2015 నాటి బాల న్యాయ చట్టంలోని 77వ సెక్షన్ కింద పిల్లలకు మద్యం గాని పొగాకు గాని ఇస్తే ఏడేళ్ళ వరకు కఠిన కారాగార శిక్ష, లక్ష రూపాయల వరకు జరిమానా పడవచ్చు. చిన్న జరిమానా సంగతి మాత్రమే తెలిసిన బంకులవాళ్ళు ఎవరినీ ఏమీ అడగరు, పెద్ద శిక్ష సంగతి తెలిసినవాళ్ళు వక్కపొడి పొట్లానికి కూడా అడుగుతారు.

రెండోది మద్యం. ఆంధ్రప్రదేశ్‌లో మద్యం కొనడానికి 21 ఏళ్ళు నిండి ఉండాలి. ఓటు హక్కు వచ్చింది కదా అని పద్దెనిమిదేళ్ళ వాడు వాదిస్తే చెల్లదు.

మూడోది యాసిడ్. ఇంటి సామాన్ల జాబితాలో ఇది తరచూ ఉంటుంది కాబట్టి కొంచెం వివరంగా చెప్పాలి. ఉప్పు నీళ్ళు ఎక్కువగా ఉన్న మన ఊళ్ళలో బచ్చలింటి బండల మీద తెల్లటి చారలు కడతాయి, వాటిని వదిలించడానికి సీసాలో పోసి అమ్మే ఘాటు యాసిడ్‌ను జనం కిరాణా అంగట్లో అడుగుతుంటారు. 2013లో సుప్రీం కోర్టు ఇచ్చిన ఆదేశాల ప్రకారం దాన్ని 18 ఏళ్ళలోపు వారికి అమ్మకూడదు. పెద్దవారైనా సరే చిరునామా ఉన్న ప్రభుత్వ గుర్తింపు కార్డు చూపాలి, ఎందుకు కొంటున్నారో చెప్పాలి, అమ్మేవాడు కొన్నవారి వివరాలను, ఎంత అమ్మాడన్న లెక్కను రిజిస్టరులో రాసుకోవాలి. ఈ పద్ధతి పాటించని వ్యాపారికి 50,000 రూపాయల వరకు జరిమానా వేసే అధికారం సబ్ డివిజనల్ మేజిస్ట్రేటుకు ఉంది. యాసిడ్ దాడుల్లో ముఖాలు కాలిపోయిన ఆడపిల్లల కేసుల నుంచి పుట్టిన ఆదేశమిది. ఇక్కడ రిజిస్టరు తెరవని వ్యాపారినే మనం అనుమానించాలి. అయితే ఫినాయిలు, బ్లీచింగు పొడి, బట్టల సోడా, బ్యాటరీలో పోసే డిస్టిల్డ్ వాటరు, ఇవేవీ యాసిడ్ కావు. పేరులో "బ్యాటరీ" అని ఉందని డిస్టిల్డ్ వాటరుకు కూడా కార్డు అడిగే అంగడి ఉంటే, సీసా మీది చీటీని వేలు పెట్టి చూపించి చదివించండి.

నాలుగోది రాతను చెరిపే వైట్‌నర్, దీనికి ఉన్నది వయసు పరిమితి కాదు, నిషేధం. సీసాల్లో వచ్చే వైట్‌నర్‌ను, దానితో ఇచ్చే థిన్నర్‌ను పిల్లలు మత్తు కోసం పీలుస్తున్నారని 2012లో కేంద్ర ప్రభుత్వం వాటి చిల్లర అమ్మకాన్ని నిషేధించింది, పెన్ను రూపంలో వచ్చేవాటిని అనుమతించింది. కాబట్టి పుస్తకాల అంగట్లో సీసా లేదంటే అది మీ వయసు వల్ల కాదు. పెన్ను రకాన్ని అడిగితే సరిపోతుంది.

సిమ్ కార్డు కూడా 18 నిండినవారి పేరు మీదే ఇస్తారు, ఆ సంగతి అందరికీ తెలిసిందే. ఈ-సిగరెట్టుకు అసలు వయసు ప్రశ్నే లేదు, 2019 నుంచి దాని అమ్మకమే నేరం.

వయసు కాదు, కాగితం అడిగే చోట్లు

మందుల షాపులో తలెత్తే తగాదాల్లో ఎక్కువ భాగం ఈ తేడా తెలియకపోవడం వల్లే వస్తాయి. ఒక ఉదాహరణ చూడండి. ఇంటర్ చదివే అమ్మాయి తండ్రికి బీపీ మాత్రలు తేవడానికి సాయంత్రం మందుల షాపుకు వెళ్తుంది. చేతిలో ఖాళీ అయిన మాత్రల పట్టీ ఒకటే ఉంటుంది. షాపతను దాన్ని తిప్పి చూసి, ఎరుపు రంగులో ఉన్న గీతనూ, దాని పక్కన ఉన్న సన్నటి అక్షరాలనూ చూపించి, "చిన్నపిల్లవు, మీ నాయన్ను పిలుచుకొని రా పాపా" అంటాడు. నాయన మోకాళ్ళ నొప్పులతో మంచం మీద ఉంటాడు. అమ్మాయి ఇంటికి వెళ్ళి చెబితే తల్లి వచ్చి షాపు ముందు కేకలేస్తుంది.

ఇక్కడ షాపతను చెప్పిన కారణం తప్పు, మాత్రలు ఇవ్వకపోవడం మాత్రం తప్పు కాదు. ఔషధ నిబంధనల్లోని షెడ్యూల్ హెచ్ కిందికి వచ్చే మందులను రిజిస్టర్డ్ వైద్యుడి చీటీ మీదే అమ్మాలి; షెడ్యూల్ హెచ్1లో ఉన్న కొన్ని యాంటీబయాటిక్స్, నిద్రమాత్రల వంటివాటికి రాసిన వైద్యుడి పేరు, చిరునామా, రోగి పేరు, మందు పేరు, పరిమాణం వేరే రిజిస్టరులో ఎక్కించి మూడేళ్ళు దాచాలి. ఆ నిబంధన చీటీని అడుగుతుంది, చీటీ తెచ్చినవారి వయసును కాదు. కాబట్టి ఆ అమ్మాయి చేతిలో చీటీ ఉంటే చిన్నపిల్ల అన్న కారణం చెప్పి వెనక్కి పంపడానికి లేదు, చీటీ లేకపోతే అరవై ఏళ్ళ నాయన స్వయంగా వచ్చినా ఇవ్వకూడదు. ఇంట్లో దీర్ఘకాలం మందులు వాడేవారు ఉంటే వైద్యుడి చీటీని ఫోటో తీసి ఫోనులో ఉంచుకోవడం, అసలు చీటీని మాత్రల డబ్బాలోనే మడిచి పెట్టడం మంచి అలవాటు. పిల్లలను పంపేటప్పుడు ఖాళీ పట్టీతో పాటు ఆ చీటీ కూడా ఇచ్చి పంపండి.

చీటీ అక్కరలేని మందులు, వస్తువులు కూడా మందుల షాపులో చాలా ఉంటాయి. పారాసిటమాల్ మాత్రలు, ఓఆర్‌ఎస్ పొట్లాలు, దెబ్బకు కట్టే గుడ్డ, శానిటరీ ప్యాడ్లు, వీటికి వయసు నిబంధన ఏదీ లేదు. ప్యాడ్లు కొనడానికి వచ్చిన పదమూడేళ్ళ పిల్లను "అమ్మను పంపు" అనడం నిబంధన కాదు, మొరటుతనం. కొత్తగా పెళ్ళయిన జంట కండోములు అడిగితే ఎగాదిగా చూసి వయసు అడిగే షాపులు చిన్న ఊళ్ళలోనే కాక కర్నూలు వంటి నగరంలో కూడా ఉన్నాయి. వాటికీ చట్టంలో వయసు పరిమితి లేదు. నిద్రమాత్రలు, కోడీన్ ఉన్న దగ్గు మందు విషయంలో మాత్రం షాపతను ఎన్ని ప్రశ్నలు అడిగినా ఓపికగా జవాబు చెప్పాలి, ఎందుకంటే వాటిని మత్తుకు వాడేవాళ్ళు నిజంగానే వస్తుంటారు.

ఎరువుల అంగట్లో యూరియా బస్తాకు ఆధార్ అడిగి యంత్రం మీద వేలు పెట్టిస్తారు. అది సబ్సిడీ లెక్క కోసమే తప్ప వయసు కోసం కాదు, కాబట్టి అక్కడ పేచీ పెట్టుకోవద్దు. పురుగు మందు సంగతి వేరు. వేరుశనగకు కొట్టే మందు కోసం పదిహేనేళ్ళ కొడుకును పంపితే చాలామంది డీలర్లు ఇవ్వరు, పెద్దవాళ్ళు రావాలంటారు. పరీక్ష తప్పినందుకో, ఇంట్లో తిట్టినందుకో పురుగు మందు తాగిన పిల్లల సంగతి మన పల్లెల్లో వినని ఇల్లు లేదు. అలా వెనక్కి పంపిన డీలరుకు సెక్షన్ చూపించమని అడగకుండా దండం పెట్టి రావడమే నాకు న్యాయంగా తోస్తుంది.

ఏ నిబంధనా లేని వస్తువులు

మిగతావాటికి వ్యాపారి అడిగేది తన జాగ్రత్త కోసం. అందులో తరచూ ఎదురయ్యేవి నాలుగైదు ఉన్నాయి.

ఎనర్జీ డ్రింకు డబ్బా ఒకటి. కెఫీన్ కలిసిన ఈ పానీయాల్లో లీటరుకు 145 నుంచి 300 మిల్లీగ్రాముల వరకు కెఫీన్ ఉండవచ్చని ఆహార భద్రతా సంస్థ పరిమితి పెట్టింది, పిల్లలకు, గర్భిణులకు, పాలిచ్చే తల్లులకు ఇవి తగవని డబ్బా మీద ముద్రించాలని చెప్పింది. అది హెచ్చరిక మాత్రమే, అమ్మకాన్ని ఆపే నిషేధం కాదు. పందొమ్మిదేళ్ళ విద్యార్థిని ఆధార్ లేదని ఆపడానికి ఆ హెచ్చరిక సరిపోదు. ఎనిమిదో తరగతి పిల్లవాడికి ఇవ్వనంటే మాత్రం ఆ వ్యాపారితో వాదించే పెద్దమనిషిని నేను సమర్థించలేను.

ఆల్కహాలు లేని బీరు మరొకటి. డబ్బా చూడటానికి బీరులాగే ఉంటుంది కాబట్టి బిల్లు వేసే అమ్మాయికి అనుమానం రావడం సహజం. ఆహార భద్రతా నిబంధనల్లో 0.5 శాతం కన్నా ఎక్కువ ఆల్కహాలు ఉన్నదాన్నే మద్య పానీయంగా లెక్కిస్తారు. డబ్బా మీద "0.0 శాతం" అన్న అంకెను చూపించి, ఇది మద్యం దుకాణంలో కాక మీ సూపర్ మార్కెట్లో అమ్ముతున్నారంటేనే మద్యం కాదని అర్థం కదమ్మా అని నిదానంగా చెబితే చాలాసార్లు పని జరుగుతుంది.

కత్తుల విషయంలో రాయలసీమ వాళ్ళం కాబట్టి అదనంగా ఒక మాట పడవలసి వస్తుంది. బయటి ఊరి నుంచి వచ్చిన మేనేజరు కూరగాయల కత్తి కొనేవాడి మొహంలో సినిమా ఫ్యాక్షన్ నాయకుణ్ణి చూస్తాడు. ఆయుధాల నిబంధనల్లో 9 అంగుళాల కన్నా పొడవు లేదా 2 అంగుళాల కన్నా వెడల్పు ఉన్న పదునైన ఆయుధాల ప్రస్తావన ఉంది గాని ఇంటి పనికీ, వ్యవసాయానికీ, పరిశ్రమకూ తయారు చేసినవాటిని అందులో నుంచి మినహాయించారు. కత్తిపీట, కూరగాయల కత్తి, గడ్డి కోసే కొడవలి కొనడానికి కార్డు చూపవలసిన పని లేదు.

సైకిలు పంక్చరుకు వాడే సొల్యూషన్, పెయింటు అంగట్లోని థిన్నరు, గోళ్ళ రంగు తుడిచే ద్రవం వంటివాటిని పీల్చే పిల్లలు ఉన్నారని వ్యాపారులకు తెలుసు. సొల్యూషన్ ట్యూబు మీద వయసు నిబంధన లేకపోయినా ఒకే పిల్లవాడు రోజూ వచ్చి నాలుగేసి ట్యూబులు అడిగితే ఇవ్వకపోవడమే సరైనది. సైకిలు తోసుకుంటూ వచ్చి ఒక్క ట్యూబు అడిగినవాడిని ఆధార్ అడగడం అతి. అగ్గిపెట్టె, లైటరు, సెంటు సీసా, షేవింగు బ్లేడ్లు, జుట్టు రంగు, ఇవి అడిగేవారిని ప్రశ్నించే అంగడి నా దృష్టిలో కేవలం కాలయాపన చేస్తున్నట్టే.

"మైనరుతో లావాదేవీ చెల్లదు, అందుకే మేము అమ్మము" అని చదువుకున్న మేనేజర్లు కొందరు అంటారు. 1872 నాటి కాంట్రాక్టు చట్టం ప్రకారం మైనరు చేసిన ఒప్పందం చెల్లదన్నది నిజమే, 1903లో బ్రిటిషు కాలపు పై కోర్టు అయిన ప్రీవీ కౌన్సిల్ కూడా ఆ మాటే తేల్చి చెప్పింది. దాని అర్థం మైనరు మీద బాకీ దావా వేయలేరని, చేతికి డబ్బు తీసుకొని కిలో పంచదార అమ్మితే నేరమని కాదు. పైగా అదే చట్టం మైనరుకు అవసరమైన వస్తువులు సమకూర్చినవాడు వాటి విలువను ఆ మైనరు ఆస్తి నుంచి రాబట్టుకోవచ్చని చెబుతుంది. నగదుకు అమ్మే వ్యాపారికి ఈ భయం అనవసరం, అప్పు పెట్టేవాడికి మాత్రం అవసరం.

చూపవలసి వస్తే ఎంతవరకు చూపాలి

పొగాకు, మద్యం, యాసిడ్ కొనేటప్పుడు, లేదా వాదించే ఓపిక లేక పని ముగించుకోవాలని అనిపించినప్పుడు, వయసు ఒక్కటే తెలిసేలా చూపడం నేర్చుకోవాలి. ఓటరు కార్డు 18 నిండిన తరువాతే వస్తుంది కాబట్టి పద్దెనిమిదేళ్ళ రుజువుకు అది ఉన్నా చాలు, 21కి మాత్రం దాని మీది పుట్టిన తేదీ చూడాలి. పాన్ కార్డు మీద పుట్టిన తేదీ, ఫోటో ఉంటాయి, చిరునామా ఉండదు. అందువల్ల వయసు చూపడానికి అది అనుకూలమే గాని నంబరు మీద బొటనవేలు పెట్టి చూపండి. యాసిడ్ విషయంలో చిరునామా కావాలి కాబట్టి పాన్ పనికిరాదు, డ్రైవింగ్ లైసెన్సో ఆధారో చూపాలి.

ఆధార్ చూపితే మాస్క్‌డ్ ఆధార్ చూపండి. దాన్ని ఆధార్ సంస్థ వెబ్‌సైటు నుంచి దించుకోవచ్చు, అందులో మొదటి ఎనిమిది అంకెలు కనబడవు, చివరి నాలుగే కనిపిస్తాయి. 2018 సెప్టెంబరు 26న సుప్రీం కోర్టు ఇచ్చిన తీర్పులో ప్రైవేటు సంస్థలు ఆధార్‌ను తప్పనిసరి చేసే వీలును కొట్టివేసింది, కాబట్టి "ఆధారే కావాలి, వేరేది ఒప్పుకోము" అనే హక్కు అంగడికి లేదు. ఇంకో విచిత్రం ఏమిటంటే, 2024లో ఒక ప్రమాద పరిహారం కేసులో అదే కోర్టు ఆధార్‌ను వయసు నిర్ధారణకు ఆధారంగా తీసుకోకుండా పాఠశాల సర్టిఫికెట్లోని పుట్టిన తేదీకే మొగ్గు చూపింది. ఎవరు ఎక్కువ పట్టుపట్టి ఆధార్ అడుగుతారో వారికి ఈ తీర్పు సంగతి చెప్పి పదో తరగతి మార్కుల మెమో చూపించవచ్చు. ప్రభుత్వ యాప్ అయిన డిజిలాకరులో ఉన్న పత్రాలు కాగితం పత్రాలతో సమానమని 2016 నిబంధనలు చెబుతాయి, "ఫోనులోది చెల్లదు" అనే మాటకు అదే జవాబు.

కార్డు చూపడం వేరు, ఇవ్వడం వేరు. పుట్టిన తేదీ చదివే వరకు మీ చేతిలోనే పట్టుకోండి. బిల్లు వేసే వ్యక్తి సొంత ఫోనులో దాని ఫోటో తీస్తానంటే ఒప్పుకోవద్దు. యాసిడ్‌కు కూడా వివరాలు రిజిస్టరులో రాయాలనే ఉంది, ఎవరి ఫోనులోనో బొమ్మ ఉండాలని కాదు. ఆ బొమ్మతో ఏదో ఒక సిమ్ కార్డు తీసుకొని మోసానికి వాడితే పోలీసు స్టేషను చుట్టూ తిరగవలసింది మీరే. బిల్లు కోసం ఫోను నంబరు ఇవ్వాల్సిందే అని పట్టుపట్టకూడదని 2023 మే నెలలో వినియోగదారుల వ్యవహారాల శాఖ చిల్లర వ్యాపారులకు సూచించింది, వయసు పేరు చెప్పి నంబరు అడిగితే ఆ సూచన గుర్తు చేయండి.

పిల్లలను అంగడికి పంపేటప్పుడు

మన ఇళ్ళలో అవ్వలకు ఒక అలవాటు ఉంది: మనవణ్ణి పిలిచి పది రూపాయలిచ్చి బీడీ కట్టో, పొగాకు కాడో తెమ్మనడం. అది అవ్వకే అని అంగడివాడికి తెలిసినా పిల్లవాడి చేతికి ఇస్తే చట్టం ముందు అతనే దొరికిపోతాడు. "మా ఇంటిపక్కనోడివే, నీకు తెలీదా" అని అవ్వ నిష్ఠూరమాడితే ఆ వ్యాపారికి కాదనడం కష్టమే గాని, పిల్లవాణ్ణి ఖాళీ చేతులతో పంపడమే సరైన పని. అవ్వను నడవలేని స్థితిలో ఇబ్బంది పెట్టకుండా ఇంట్లో పెద్దవారెవరైనా వెళ్ళాలి.

మామూలు సామాన్లకు పిల్లలను పంపేటప్పుడు చీటీ రాసి ఇవ్వండి, కింద మీ ఫోను నంబరు రాయండి. చీటీలో "మా అబ్బాయే, ఇవ్వండన్నా" అని ఒక మాట ఉంటే తెలిసిన అంగడివాడు తిప్పి పంపడు. స్కూటరు ఇచ్చి పంపడం మాత్రం వద్దు. మోటారు వాహనాల చట్టానికి 2019లో చేసిన సవరణ ప్రకారం మైనరు బండి నడిపి పట్టుబడితే తండ్రికో బండి యజమానికో మూడేళ్ళ వరకు జైలు, 25,000 రూపాయల జరిమానా పడే వీలుంది. అంగట్లో వయసు అడిగారని కోపగించే తల్లిదండ్రులు అనంతపురం సప్తగిరి సర్కిల్ దగ్గర పోలీసు అడిగే వయసు సంగతి మరిచిపోతుంటారు.

అయినా ఇవ్వనంటే

ఒక నిజం ఒప్పుకోవాలి: ప్రైవేటు వ్యాపారి ప్రతివారికీ ప్రతి వస్తువూ అమ్మి తీరాలని చెప్పే సాధారణ చట్టం లేదు. రాజ్యాంగంలోని 15వ అధికరణం మతం, జాతి, కులం, లింగం, పుట్టిన చోటు కారణంగా ఎవరినీ దుకాణాల్లోకి రాకుండా ఆపకూడదని అంటుంది, ఆ వరుసలో వయసు లేదు. కాబట్టి "రాజ్యాంగం ప్రకారం మీరు ఇచ్చి తీరాలి" అని బల్ల గుద్దితే బలం తేలిపోతుంది. కాని వయసు మాట అడ్డం పెట్టుకొని ఆడపిల్లలను మాత్రమే ప్రశ్నిస్తున్నారని, లేదా ఒక కులం, మతం వాళ్ళనే ఆపుతున్నారని తెలిస్తే అది ఈ అధికరణం కిందికే వస్తుంది, దాన్ని వదలకూడదు.

మామూలు తిరస్కారంలో మొదట యజమానిని గాని మేనేజరును గాని పిలిపించమనండి. బిల్లు వేసే మనిషికి లేని అధికారం అతనికి ఉంటుంది. "మీ అంగట్లో ఏ వస్తువులకు వయసు అడుగుతారో ఆ జాబితా గోడకు పెట్టండి, మేము ముందే చూసుకొని వస్తాము" అని చెప్పడం వల్ల కొన్నిసార్లు అక్కడికక్కడే నియమం సడలుతుంది, ఎందుకంటే జాబితా రాయడానికి కూర్చుంటే జుట్టు రంగును అందులో ఎందుకు చేర్చామో వాళ్ళకే చెప్పడం రాదు. పక్క అంగట్లో అదే వస్తువు దొరుకుతుంటే అక్కడ కొని పని చూసుకోవడం తెలివైనవారి పని.

డబ్బు తీసుకున్న తరువాత వయసు పేరు చెప్పి వస్తువు ఇవ్వకపోతే, డబ్బు తిరిగి ఇవ్వకపోతే, లేదా చూపిన కార్డు ఫోటోను దుర్వినియోగం చేశారని తేలితే అప్పుడు ఫిర్యాదుకు బలం ఉంటుంది. జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ నంబరు 1915, తెలుగులో మాట్లాడవచ్చు. దానితో పరిష్కారం కాకపోతే జిల్లా వినియోగదారుల కమిషన్ ఉంది, అనంతపురం, కర్నూలు, కడప మూడు చోట్లా ఈ కమిషన్లు పనిచేస్తున్నాయి. చెల్లించిన మొత్తం 5 లక్షల రూపాయల లోపయితే రుసుము లేదు, సంఘటన జరిగిన రెండేళ్ళ లోపు వేయాలి, ఆన్‌లైన్‌లో కూడా వేయవచ్చు. అమ్మకమే జరగని చోట మీరు వినియోగదారుడని నిరూపించుకోవడం కష్టమని ముందే తెలుసుకొని వెళ్ళండి.

ఫిర్యాదు రాసేటప్పుడు ఆవేశం పక్కనపెట్టి అంగడి పేరు, వీధి, తేదీ, సమయం, అడిగిన వస్తువు, దాని ధర, వారు చెప్పిన కారణం, మీరు చూపిన పత్రం, డబ్బు చెల్లించి ఉంటే బిల్లు లేదా ఫోన్‌పే చెల్లింపు ఫోటో వరుసగా పెట్టండి. పొగాకో, మద్యమో పిల్లలకు అమ్ముతున్న అంగడి కంటబడితే పిల్లల సహాయ నంబరు 1098కి ఫోను చేసి చెప్పవచ్చు, ఆ ఫోనుకు డబ్బు ఖర్చు కాదు.